కంటి వెలుగు, ఒంటి ఎండ: కోలారు బంగారు గనుల్లో కాంతి చరిత్ర

ఎండ అనే ఒక్క తెలుగు మాటలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. కంటికి కనిపించే వెలుతురు ఒకటి. ఒంటికి తగిలే వేడి రెండోది. కంటికి కనబడకుండా, ఒంటికి అప్పటికప్పుడు తెలియకుండా చర్మం మీద పనిచేసే అతినీలలోహిత కిరణాలు మూడోది. నేల మీద బతికేవారికి ఈ మూడూ కలిసే అందుతాయి కనుక వాటిని విడదీసి చూడాల్సిన అవసరం సాధారణంగా రాదు. కోలారు బంగారు గనుల్లో అవి విడిపోయాయి. అక్కడ నేల లోపల విపరీతమైన వేడి ఉంది, అది రాతి వేడి. వెలుతురు ఉంది, అది దీపపు వెలుతురు. మూడోది మాత్రం లేదు. 1880 నుంచి 2001 దాకా, నూట ఇరవై ఏళ్ళకు పైగా, తరతరాల కార్మికులు పగటి వేళలను ఆ చీకట్లోనే గడిపారు. అందుకే కాంతిలోని భాగాలు ఒకదానికొకటి ఎలా వేరో, చర్మానికి ఏది ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఈ గనుల చరిత్ర బాగా ఉపయోగపడుతుంది.

ఒకే కాలంలో రెండు అన్వేషణలు

అతినీలలోహిత కిరణాల జాడ, కోలారు బంగారం జాడ ఒక్క ఏడాది తేడాతో లోకానికి తెలిశాయి. వెండి క్లోరైడు వెలుతురులో నల్లబడుతుందనీ, ఊదారంగు వెలుగులో మరింత త్వరగా నల్లబడుతుందనీ స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1777లోనే రాశాడు. 1800లో విలియం హెర్షెల్ పట్టకం విడదీసిన రంగుల పట్టీలో ఎరుపుకు అవతల, ఏ వెలుగూ కనబడని చోట ఉష్ణమాపకాన్ని పెట్టి వేడిని కనిపెట్టాడు. మరుసటి ఏడాది, 1801లో, జర్మనీకి చెందిన యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ రెండో కొసను పరీక్షించాడు. ఊదారంగుకు అవతల, కంటికి చీకటిగా తోచే చోట వెండి క్లోరైడు పూసిన కాగితం పెడితే అది అన్నిటికన్నా వేగంగా నల్లబడింది. కనబడని కాంతి అక్కడ ఉందనడానికి అదే తొలి రుజువు.

1802లో మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి కోలారు తూర్పు ప్రాంతంలో బంగారం గురించి ఆరా తీశాడు. ఊరిగాం, మారికుప్పం చుట్టుపక్కల గ్రామస్థులు మట్టిని తెచ్చి, అతని కళ్ళముందే నీళ్ళలో కడిగి బంగారు రేణువులు చూపించారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు, న్యూజిలాండులో మావోరీ యుద్ధాల్లో పనిచేసి వచ్చిన మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు వారెన్ నివేదిక చదివి తవ్వకాలకు పూనుకున్నాడు. 1875లో అతనికి లీజు దొరికింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగాక గనులు నిజంగా లోతుకు దిగాయి. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు ఒకదాని తర్వాత ఒకటి పుంజుకున్నాయి. చిత్తూరు వైపు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాటు, ధర్మపురి, సేలం వైపుల నుంచి తమిళులు పనికి వచ్చి కూలీ లైన్లలో కాపురం పెట్టారు. ఒక దశలో గనుల్లో ముప్పై వేలమందికి పైగా పనిచేశారు.

కనబడే కాంతి, కనబడని కాంతి

దృశ్యకాంతి, అతినీలలోహిత కాంతి మూలంలో ఒకటే. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే, రెండూ శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతాయి. తేడా తరంగం పొడవులో ఉంది. ఈ పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరు అంటే మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మనిషి కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న తరంగాలను చూడగలదు. 400 దగ్గర ఊదారంగు, 700 దగ్గర ఎరుపు. 400కు లోపల 100 దాకా ఉన్నది అతినీలలోహితం.

తరంగం పొడవు తగ్గిన కొద్దీ ఆ కాంతి మోసుకొచ్చే శక్తి పెరుగుతుంది. కాంతి శక్తి ధారగా కాక చిన్నచిన్న పొట్లాలుగా అందుతుంది. వాటిని ఫోటాన్లు అంటారు. 600 నానోమీటర్ల నారింజరంగు ఫోటాన్‌లో ఉన్న శక్తికి సరిగ్గా రెట్టింపు 300 నానోమీటర్ల అతినీలలోహిత ఫోటాన్‌లో ఉంటుంది. వంద గులకరాళ్ళు విసిరినా చెక్కుచెదరని బండ ఒక్క సమ్మెట దెబ్బకు చిట్లుతుంది. అదే విధంగా ఎంత ప్రకాశవంతమైన ఎర్ర దీపం కింద నిలబడినా చర్మ కణాల్లోని అణువుల బంధాలు మారవు. మసక వెలుగుగా కనిపించే అతినీలలోహిత దీపం వాటిని మార్చగలదు. వెలుతురు ఎంత ఎక్కువ ఉందన్నది కంటికి ముఖ్యం. ఒక్కొక్క ఫోటాన్ ఎంత బలమైనదన్నది చర్మానికి ముఖ్యం.

1932లో కోపెన్‌హేగన్‌లో జరిగిన అంతర్జాతీయ కాంతి మహాసభ నుంచి అతినీలలోహిత కిరణాలను మూడు తరగతులుగా చెప్పుకోవడం మొదలైంది. 315 నుంచి 400 నానోమీటర్ల వరకు యూవీ-ఎ, 280 నుంచి 315 వరకు యూవీ-బి, 100 నుంచి 280 వరకు యూవీ-సి. వీటిలో అతి ప్రమాదకరమైన యూవీ-సిని వాతావరణం పూర్తిగా అడ్డుకుంటుంది. యూవీ-బిలో అధిక భాగం ఓజోన్ పొరలోనే ఆగిపోతుంది. నేలకు చేరే అతినీలలోహితంలో సుమారు 95 శాతం యూవీ-ఎ, మిగిలిన కొద్దిపాటి మాత్రమే యూవీ-బి. పరిమాణంలో తక్కువైనా చర్మాన్ని కమిలించేదీ, విటమిన్ డి తయారుచేయించేదీ ప్రధానంగా ఈ యూవీ-బియే.

చర్మంలో లోతులు

గనికి అంతస్తులు ఉన్నట్టే చర్మానికీ ఉన్నాయి. పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. యూవీ-బి దాదాపుగా అందులోనే ఆగిపోతుంది. యూవీ-ఎ దాన్ని దాటి, రక్తనాళాలూ కొల్లాజెన్ పోగులూ ఉన్న లోపలి పొర దాకా దిగుతుంది. దృశ్యకాంతిలో ఎర్రరంగు ఇంకా లోతుకు పోతుంది. అరచేతిని బలమైన టార్చి లైటుకు అడ్డం పెడితే వేళ్ళ అంచులు ఎర్రగా వెలగడం అందుకే. లోతుకు పోయినంత మాత్రాన ఎక్కువ హాని చేసినట్టు కాదు. హాని ఫోటాన్ బలాన్ని బట్టి ఉంటుంది.

యూవీ-బి ఫోటాన్ కణంలోని డీఎన్ఏకు తగిలితే, నిచ్చెన మెట్లలాంటి దాని అమరికలో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం తన దగ్గరున్న ఎంజైములతో ఆ భాగాన్ని కత్తిరించి సరిచేసుకుంటుంది. దెబ్బలు మరీ ఎక్కువైతే కణం చచ్చిపోతుంది. బాగు చేయకుండా మిగిలిన తప్పులు ఏళ్ళ తరబడి పోగైతే చర్మ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఎండకు కమిలిన ఎరుపు కొన్ని గంటల తర్వాత బయటపడి, దాదాపు ఒక రోజుకు ముదురుతుంది. అందుకే మధ్యాహ్నం పొలంలో ఏమీ తెలియని మనిషికి రాత్రి పడుకోబోయే వేళకు మెడ మంట పుడుతుంది.

చర్మానికి ఉన్న సొంత రక్షణ మెలనిన్ అనే నల్లని వర్ణకం. పైపొర అడుగున ఉన్న మెలనోసైట్లు దీన్ని తయారుచేసి పక్క కణాలకు పంచుతాయి. అందుకున్న కణాలు దాన్ని తమ కేంద్రకం మీద గొడుగులా పరుచుకుంటాయి. ఎండ తగిలిన రెండు మూడు రోజులకు కొత్త మెలనిన్ వచ్చి చర్మం నల్లబడుతుంది. దక్షిణాది ప్రజల చాయ తరతరాలుగా ఈ ఎండకు అమరిన కవచం. దానివల్ల చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లచర్మం వారితో పోలిస్తే చాలా తక్కువ, కానీ బొత్తిగా లేదనడానికి వీల్లేదు. కంటి కటకానికైతే ఈ కవచం లేదు. శుక్లాలకు దారితీసే కారణాల్లో అతినీలలోహితం ఒకటి.

ఇదే కిరణం మేలు కూడా చేస్తుంది. చర్మంలో ఉన్న 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం యూవీ-బి తగలగానే మారడం మొదలై విటమిన్ డి అవుతుంది. ఎముకలు కాల్షియాన్ని పట్టుకోవాలంటే ఇది కావాలి. 1903లో డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు చర్మ క్షయను కాంతితో నయం చేసినందుకు నోబెల్ బహుమతి వచ్చింది. 1919లో కర్ట్ హుల్డ్‌షిన్స్కీ బెర్లిన్‌లో పాదరస ఆవిరి దీపం వెలుగుతో పిల్లల రికెట్స్ వ్యాధిని నయం చేసి చూపాడు. ఎండ తగలని పారిశ్రామిక నగరాల్లో పిల్లల కాళ్ళు ఎందుకు వంకరపోతున్నాయో దాంతో తేలిపోయింది.

గనిలో దీపాలు

లోహపు గనుల్లో తొలి దీపాలు కొవ్వొత్తులు, నూనె దీపాలు. తర్వాత కార్బైడు దీపం వచ్చింది. కాల్షియం కార్బైడు గడ్డల మీద నీటి చుక్కలు పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి తెల్లని మంటతో వెలుగుతుంది. కోలారు గనులు విద్యుత్తు విషయంలో దేశానికే దారి చూపించాయి. కావేరి మీద శివసముద్రం జలవిద్యుత్ కేంద్రాన్ని ముఖ్యంగా ఈ గనుల కోసమే కట్టారు. 1902లో అక్కడి విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా గనులకు చేరింది. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో, అంటే గనుల తర్వాతే. కేజులో (గని లిఫ్టులో) దిగే మనిషి తలమీద బ్యాటరీ దీపం వెలగడం కూడా కాలక్రమంలో మామూలు దృశ్యమైంది.

ఈ దీపాలన్నీ కంటికి కావలసింది ఇచ్చాయి. చర్మానికి మాత్రం ఒక్కటీ ఎండకు బదులు కాలేకపోయింది. వేడెక్కిన వస్తువు ఎంత వేడిగా ఉంటే దాని వెలుగులో అతినీలలోహితం వాటా అంత పెరుగుతుంది. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. బల్బులోని టంగ్‌స్టన్ తీగ వేడి అందులో సగమైనా ఉండదు, కొవ్వొత్తి మంట అంతకన్నా తక్కువ. వాటి వెలుగులో ఎరుపు, పసుపు ఎక్కువ, అతినీలలోహితం దాదాపు శూన్యం. ఏ కొంచెమో ఉన్నా బల్బు గాజు యూవీ-బిని ఆపేస్తుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వెలుతురు, వేడి అందినా విటమిన్ డి తయారుకాకపోవడానికి కారణం ఇదే.

రాతి వేడి సంగతి మరోలా ఉంది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. అక్కడ రాయి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిగా ఉండేది. పైనుంచి గాలిని చల్లబరచి పంపితే తప్ప మనుషులు పనిచేయలేని స్థితి. ఆ వేడికి కార్మికుడి ఒళ్ళంతా చెమటతో తడిసేది, అలసట వచ్చేది, దాహం వేసేది. రోహిణి కార్తెలో పొలం దున్నే రైతుకు జరిగేదంతా అతనికీ జరిగేది. అయితే రైతు వీపు నల్లబడుతుంది, గని కార్మికుడి వీపు నల్లబడదు. వడదెబ్బ వేడి వల్ల వస్తుంది. చర్మం కమలడం, నల్లబడడం అతినీలలోహితం వల్ల వస్తాయి. నేల మీద కలిసి కనిపించే ఈ రెండూ వేర్వేరని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

షిఫ్టు వేళలు చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. యూవీ-బి పగలంతా ఒకేలా అందదు. ఉదయం, సాయంత్రం సూర్యకిరణాలు ఏటవాలుగా వచ్చి వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఆ దారిలోనే యూవీ-బి చాలావరకు హరించుకుపోతుంది. అది బలంగా ఉండేది పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య. పొద్దుటి షిఫ్టు మనిషి సరిగ్గా ఆ వేళలో నేల లోపల ఉంటాడు. పైకి వచ్చి సాయంత్రపు ఎండలో లైన్ ఇంటికి నడిచి వెళ్తుంటే కళ్ళకు పగలు కనిపిస్తుంది, చర్మానికి కావలసిన యూవీ-బి మాత్రం అంతగా అందదు. ఆ లోటు సెలవు రోజో, రాత్రి షిఫ్టు చేసిన వారమో తీరాలి. పసిపిల్లకు నూనె రాసి నీరెండలో పడుకోబెట్టే మన ఇళ్ళ ఆచారంలోనూ ఇదే లెక్క ఉంది. నీరెండ బిడ్డ చర్మాన్ని కమిలించదు, అదే కారణంతో విటమిన్ డి కూడా తక్కువే ఇస్తుంది. సోవియట్ యూనియన్‌లో గని కార్మికుల కోసం ఫొటేరియం అనే అతినీలలోహిత దీపాల గదులు ఏర్పాటు చేసి, షిఫ్టు అయ్యాక కొద్ది నిమిషాలు అక్కడ నిలబెట్టడం వెనక ఉన్న ఆలోచన ఆ యూవీ-బి లోటును తీర్చడమే.

నేల మీద ఎండ

గని చీకటికి పూర్తి భిన్నం పైనున్న ఎండ. కోలారు జిల్లా ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల దగ్గర ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారం ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పైగా ఈ పీఠభూమి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహితం సుమారు పది శాతం పెరుగుతుంది. గాలి చల్లగా తగులుతుంది కనుక ఎండ తక్కువన్న భ్రమ కలుగుతుంది. నిజానికి చల్లదనానికీ ఈ కిరణాలకూ సంబంధం లేదు. పలచని మబ్బు వీటిని పెద్దగా ఆపలేదు. నీలాకాశమే వీటిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది కనుక చెట్టు నీడలో కూర్చున్నా కొంత తగులుతూనే ఉంటుంది.

బంగారం తీసేశాక మిగిలిన పిండి రాయిని మిల్లులు బయట పోయగా కొండల్లా పెరిగిన సైనైడ్ దిబ్బలు నేటికీ కేజీఎఫ్‌గా పిలిచే ఈ గనుల ఊరికి గుర్తులు. చెట్టు లేని ఆ దిబ్బల మీద నీడ ఉండదు, పైనుంచి పడిన అతినీలలోహితంలో కొంత ఇసుక మీద తిరిగి పైకి లేస్తుంది. జిల్లాలో టమాటా తోటల్లో, శ్రీనివాసపురం మామిడి తోటల్లో పనిచేసేవారు తలగుడ్డ చుట్టి, పైట చెంగు ముఖానికి కప్పి, చేతులకు పాత చొక్కా తొడుక్కునే అలవాటు ఏ పుస్తకమూ నేర్పింది కాదు. దట్టంగా నేసిన ముదురు రంగు బట్ట అతినీలలోహితాన్ని బాగా ఆపుతుందని కొలతలు కూడా చెబుతున్నాయి. ఇక్కడివారికి ఒక తేలికైన కొలత చాలు: నేల మీద తన నీడ తన ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే ఆ వేళ కిరణాలు బలంగా ఉన్నట్టు.

రాతిలో దాగిన నీలి వెలుగు

కోలారు క్వార్ట్జ్ రాతిలో బంగారంతో పాటు షీలైట్ అనే ఖనిజం కొద్ది కొద్దిగా ఉంది. మామూలు వెలుతురులో అది పక్కనున్న తెల్ల క్వార్ట్జ్‌లో కలిసిపోయి సులువుగా గుర్తుపట్టడానికి వీలుకాదు. చీకటి చేసి 254 నానోమీటర్ల యూవీ-సి దీపం వేస్తే అదే రాతిలో లేత నీలి చుక్కలు మెరుస్తాయి. ఖనిజం బలమైన అతినీలలోహిత ఫోటాన్‌ను మింగి, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని కంటికి కనిపించే నీలి ఫోటాన్‌గా వదులుతుంది. మాలిబ్డినం కలిసి ఉంటే ఆ వెలుగు పసుపు వైపు తిరుగుతుంది. ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఖనిజాన్ని వెతికేది రాత్రిపూట, ఇలాంటి చేతి దీపంతోనే.

షీలైట్ నుంచి వచ్చే లోహం టంగ్‌స్టన్. విద్యుద్దీపపు తీగ ఆ లోహంతోనే చేస్తారు. 1777లో వెండి క్లోరైడును ఊదారంగు వెలుగులో పరీక్షించిన షీలే పేరే ఈ ఖనిజానికి పెట్టారు. 1781లో ఇందులో కొత్త ఆమ్లాన్ని గుర్తించినవాడు అతనే. మిల్లులు పారబోసిన కోలారు దిబ్బల్లో టంగ్‌స్టన్ నిల్వలు ఉన్నట్టు దేశ ఖనిజ లెక్కల్లో నమోదై ఉంది.

కాంతి ఆగిన చోటికి

చర్మంలో యూవీ-బి దాదాపుగా పదో వంతు మిల్లీమీటరు దాటదు, గనిలో ఏ సూర్యకిరణమూ షాఫ్టు నోరు దాటదు. ఆకాశం నుంచి వచ్చే మరికొన్ని కణాలు మాత్రం రాయిలో లోతుగా దిగుతాయి. వాటిని వడగట్టి చూడటానికి టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త బి.వి.శ్రీకంఠన్ 1951లోనే కోలారు గనుల్లో ప్రయోగాలు మొదలుపెట్టారు. 1965లో ఆ సంస్థ, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయం కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినో అనే కణాల జాడను ప్రపంచంలో మొదటిసారిగా పట్టుకున్న వారిలో నిలిచాయి. ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాలను పైనున్న రాయి దాదాపుగా ఆపేసే చోటు కనుకనే ఆ కొలత సాధ్యమైంది.

గనులు మూతపడ్డాక

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చిన గనులు 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికి తీసిన బంగారం సుమారు 800 టన్నులు. నీళ్ళు తోడడం ఆగాక లోతులు మునిగిపోయాయి. గనుల్లో పనిచేసిన కుటుంబాల తర్వాతి తరం వారిలో చాలామంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్తున్నారు. ఎందరో భవన నిర్మాణాల్లో ఎండలోనే నిలబడుతున్నారు.

1964లో ఏర్పడిన బీఈఎంఎల్ సంస్థ కేజీఎఫ్‌లో భూమి తవ్వే భారీ యంత్రాలను తయారు చేస్తోంది. ఇలాంటి కర్మాగారాల్లో ఆర్క్ వెల్డింగ్ తప్పదు. సూర్యకాంతిలో వాతావరణం అడ్డుకునే యూవీ-సి సహా మూడు తరగతుల అతినీలలోహితమూ వెల్డింగ్ మెరుపులో చేతికందే దూరం నుంచే వస్తుంది. షీల్డు లేకుండా కొద్దిసేపు చూసినా కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు కారడం మొదలవుతాయి. గుండీలు పెట్టని చొక్కా మెడ దగ్గర వెల్డింగ్ కమిలించిన ఎరుపు ఎండకు కమిలిన దానిలాగే ఉంటుంది, కారణం కూడా అదే. నల్లని అద్దం వెలుతురును తగ్గిస్తుంది కనుక కన్ను హాయిగా ఉంటుంది. అసలు రక్షణ మాత్రం ఆ అద్దం కనబడని కిరణాలను ఆపడంలో ఉంది. అందుకే వెల్డింగ్ కోసం తయారుచేసిన అద్దమే వాడాలి. మామూలు చలువ కళ్ళజోడు ఆ పని చేయలేదు.

ఒకే ఊళ్ళో ఒక తరానికి ఎండ చాలలేదు, మరో తరానికి ఎక్కువైంది. రెండింటిలోనూ కన్ను చెప్పిన లెక్క చర్మానికి సరిపోలేదు. గనిలో దీపం చూసి పగలనుకోవడం ఎంత తప్పో, చల్లగాలి వీస్తోందని మధ్యాహ్నపు ఎండను తక్కువగా చూడటమూ అంతే తప్పు. వారానికి రెండు మూడుసార్లు కొద్ది నిమిషాల ఎండ ఒంటికి తగలనివ్వాలి. రోజంతా ఎండలో పనిచేసేవారు తలగుడ్డ, నిండు చేతుల చొక్కా మరవకూడదు. ఆర్క్ ముందు కూర్చునేవారు షీల్డు లేకుండా పని మొదలుపెట్టకూడదు.